డప్పులా మోగే పియానో

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఎదురింటి అమ్మాయి ఈ వేసవిలో కీబోర్డు క్లాసులో చేరింది. సాయంత్రమైతే ఇంగ్లిష్ గాయని అడెల్ 2011లో పాడిన 'సమ్‌వన్ లైక్ యు' మొదలవుతుంది. గొంతు, పియానో తప్ప వేరే వాద్యమే లేని పాట అది. వాళ్ల అవ్వకు మాత్రం పట్టదు. "ఏందిమే ఇది, గమకం లేని పాట ఒక పాటేనా?" అంటుంది.

అవ్వ మాటలో న్యాయం ఉంది. వీణలో తీగ లాగి స్వరాన్ని ఊపొచ్చు, జార్చొచ్చు, గమకమంటే అదే. పియానోలో మెట్టు నొక్కాక ఆ స్వరం కదలదు. హార్మోనియం మీదా ఇదే ఫిర్యాదు ఉండేది. 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధిస్తే, ఆ పట్టు సడలడానికి 1971 దాకా పట్టింది. అన్నమయ్య కీర్తనలు చెవిన పడుతూ పెరిగే ఊళ్లో ఈ అభ్యంతరం రాకపోతేనే వింత.

అయితే పియానో గొప్పతనం ఇంకోచోట ఉంది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో బార్తొలొమెయో క్రిస్టోఫోరి దీన్ని తయారుచేశారు. అంతకుముందున్న హార్ప్సికార్డ్ తీగను మీటేది, ఎంత గట్టిగా నొక్కినా దాదాపు ఒకే శబ్దం. ఆయన మీటడం మాన్పించి, చిన్న సుత్తితో కొట్టించారు. వేలి బలాన్ని బట్టి శబ్దం మారడం మొదలైంది.

చిత్తూరులో ఒక పాత చర్చిలో మూత తీసిన పియానోను దగ్గరగా చూశాను. మెట్టు నొక్కగానే ఉన్ని చుట్టిన సుత్తి ఎగిరి తీగను తాకి, వెంటనే వెనక్కి పడింది. వేలు తీయనంతసేపూ తీగ మోగింది. తీయగానే మరో ఉన్ని దిమ్మ వచ్చి దాన్ని ఆపేసింది. 88 మెట్లు, 230 దాకా తీగలు. చూస్తే తంబురా కంటే డప్పే గుర్తొచ్చింది నాకు.

రాక్ సంగీతం పట్టుకున్నది ఆ డప్పునే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి వాద్యకారులు ఎడమ చేత్తో ఆగకుండా ఒకే దరువు వేస్తూ, కుడి చేత్తో పాట నడిపేవారు. ఆ బాణీ పేరు బూగీ వూగీ. బృందం లేకపోయినా ఒక్క మనిషి గది మొత్తాన్ని ఆడించగలడు. 1949 డిసెంబరులో న్యూ ఆర్లియన్స్‌లో ఫ్యాట్స్ డొమినో, 1955లో లిటిల్ రిచర్డ్, 1957లో జెర్రీ లీ లూయిస్ ఈ దరువుతోనే రికార్డులిచ్చారు. తర్వాత ఎలక్ట్రిక్ గిటార్ ముందుకొచ్చింది. దాన్ని భుజాన వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు, పియానోను మోసుకెళ్లలేం కదా.

1970ల మొదట్లో పియానో మరో రూపంలో తిరిగొచ్చింది. ఎల్టన్ జాన్, బిల్లీ జోయెల్ లాంటివాళ్లు పియానో ముందు కూర్చుని మనసులోది చెప్పుకున్నట్టు పాడారు. 1971లో జాన్ లెనన్ 'ఇమాజిన్' కూడా అలాంటిదే. ఇక్కడ దరువు కంటే కార్డ్‌లు ముఖ్యం, అంటే ఒకేసారి మోగే స్వరాలు. గొంతు ఒకే స్వరం పట్టుకుని ఉన్నా, కింద కార్డ్ మారితే అదే స్వరం ఒకసారి దిగులుగా, ఒకసారి తేలిగ్గా వినబడుతుంది. మనకు గమకం చేసే పనిలో కొంత అక్కడ కార్డ్ చేస్తుందని నా నమ్మకం. అవ్వకు చెప్పాలనుకున్నదీ ఇదే.

పాశ్చాత్య సంగీతం మన వైపు మరీ కొత్తదీ కాదు. 1919లో టాగూర్ మదనపల్లె వచ్చినప్పుడు జనగణమన బాణీని పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టింది ఐర్లండ్ నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్. ఆవిడ సంగీతంలో పట్టా పుచ్చుకున్నారు. మదనపల్లె అప్పుడు చిత్తూరు జిల్లాలోదే.

1983లో యమహా కంపెనీ డీఎక్స్7 కీబోర్డు వచ్చాక ఎలక్ట్రిక్ పియానో శబ్దం మోసుకెళ్లగలిగే పెట్టెలోకి చేరింది. మన పెళ్లి ఆర్కెస్ట్రాల దాకా వచ్చింది అలాంటి కీబోర్డులే. చిక్కు ఇక్కడే ఉంది. ఎదురింటి అమ్మాయి దగ్గరున్న చవక కీబోర్డు మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా ఒకేలా మోగుతుంది. క్రిస్టోఫోరి వద్దనుకున్న చోటికే పాప మళ్లీ చేరింది. పాటలో దిగులు రావడం లేదని తను బాధపడుతూ, లోపం తన వేళ్లలో ఉందనుకుంటోంది. పిల్లలకు కీబోర్డు కొనేవాళ్లు అంగట్లోనే ఒకే మెట్టును ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కి వినండి. తేడా వినబడకపోతే ఇంకోటి చూపించమనండి.