గ్యాపులు తీసేస్తే ఇంటర్వ్యూ ఎడిట్ అయిపోదు: కొత్తవాళ్ల అపోహలు - వాస్తవాలు

"షూటింగ్ అయిపోయింది, ఇక ఎడిటింగ్ ఒక్కటే మిగిలింది" అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్ల ప్రాజెక్టు తెరిస్తే చాలాసార్లు కనిపించేది ఒకటే. గంటకు పైగా ఉన్న ఇంటర్వ్యూ టైమ్‌లైన్ మీద పరిచి ఉంటుంది. మొదటి రెండు నిమిషాలకు టైటిల్, మ్యూజిక్, డ్రోన్ షాట్లు, కలర్ అన్నీ పూర్తయి ఉంటాయి. మూడో నిమిషం నుంచి ఏమీ ఉండదు. వారాల తరబడి అక్కడే ఆగిపోయి, లాప్‌టాప్ మార్చాలేమో, సాఫ్ట్‌వేర్ మార్చాలేమో అని టెన్షన్ పడుతుంటారు. రెండూ మార్చక్కర్లేదు.

అపోహ: గ్యాపులు, తడబాట్లు తీసేసి, పైన బీ-రోల్ (మాట నడుస్తుండగా మనిషి ముఖం బదులు చూపించే పని, పరిసరాల షాట్లు) కప్పి, కింద మ్యూజిక్ వేస్తే ఇంటర్వ్యూ ఎడిట్ అయినట్టే.

కొత్తవాళ్ల సమయాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తినేసేది ఈ నమ్మకమే. మనిషి ఏం చెప్పాడు, అందులో ఏది ఉండాలి, ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చడమే ఎడిటింగ్. అది తేలకుండా బీ-రోల్ వేస్తే, రేపు ఆ ముక్క పక్కకు జరిపినప్పుడు దాని మీద చేసిన పనంతా మళ్లీ చేయాలి. అందుకే మూడో నిమిషం దగ్గర చేతులు ఆగిపోతాయి.

ముందు ఇంటర్వ్యూ మొత్తం వినండి. ఏ మాట ఎన్నో నిమిషం, ఎన్నో సెకను దగ్గర ఉందో తెలిపే టైమ్‌కోడ్‌తో సహా రాసుకోండి. ఆటోమేటిక్‌గా రాసిపెట్టే టూల్స్ ఉన్నాయి, వాడండి. కానీ యాసలో మాట్లాడినవాళ్ల దగ్గర, ఊళ్ల పేర్ల దగ్గర అవి తప్పులు రాస్తాయి, కాబట్టి విని సరిచేయాల్సిందే. తర్వాత కాగితం మీద గీతలు పెట్టి ముక్కలు ఎంచుకోండి, వరుస మార్చి చూడండి. కాగితం మీద వరుస మార్చడానికి క్షణం చాలు. అప్పుడు టైమ్‌లైన్‌కి వెళ్లి ఆ మాటలు మాత్రమే కలపండి. స్క్రీన్ వైపు చూడకుండా, రేడియో విన్నట్టు మొదటి నుంచి చివరిదాకా వినండి. బొమ్మ లేకుండా అర్థమైతేనే బీ-రోల్ ముట్టుకోండి.

ఇదంతా ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒక కుర్రాడు పోచంపల్లి వైపు ఆసు పోసే ఒక పెద్దావిడ మీద డాక్యుమెంటరీ తీసి, రఫ్ కట్ (తొలి ఎడిట్) చూడమని నాకు తెచ్చాడు. చీర నేయడానికి ముందు నూలును మేకుల చుట్టూ వేలసార్లు తిప్పే పని అది. భుజం పోతుంది. అందులో ఆవిడ "మా బిడ్డను ఈ పనిల పెట్టాలె" అంటుంది, వెంటనే కూతురు మగ్గం పక్కన కూర్చున్న షాట్. తల్లి వారసత్వం కూతురికి ఇస్తున్నట్టు, చాలా అందంగా ఉంది. కానీ అంతకుముందు ముక్కలో భుజం నొప్పి గురించి చెప్పిన మనిషి ఈ మాట ఎందుకంటుంది? అనుమానం వచ్చి ఒరిజినల్ తీయించాను. "పెట్టాలె" దగ్గర ఆవిడ ఆగింది, నిట్టూర్చింది, ఆ తర్వాత "అని నేనెన్నడు అనుకోలె" అంది. గ్యాపులు తీసే టూల్ ఆ నిట్టూర్పు దగ్గర ముక్క కోసింది. మిగిలిన చిన్న తోకను ఇతను పనికిరాదని తీసేశాడు. కుర్రాడిలో మోసం లేదు, ఇంటర్వ్యూ పూర్తిగా వినలేదు, అంతే. అది అలాగే బయటికి వెళ్లి ఉంటే, ఆ తల్లి తన ఊళ్లో, తన కూతురి ముందు ఏమని చెప్పుకునేది?

తెలుగులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, కాదు, లేదు అన్నవీ చివరే వస్తాయి. ఇంగ్లీష్ ట్యుటోరియల్ చూసి శ్వాస దగ్గర కట్ చేయడం నేర్చుకున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. వాక్యం చివర గొంతు దిగేదాకా ఆగండి. మధ్యలో కోస్తే గొంతు పైనే వేలాడుతుంది. పైన బీ-రోల్ వేస్తే కట్ కంటికి కనపడదు కానీ చెవికి దొరికిపోతుంది. ఇంకో మాట, ఆ మౌనాలు కూడా ఆవిడవే. అన్నీ తీసేస్తే మనిషి మాట్లాడినట్టు ఉండదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావాలన్నది పుకారు. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో 4కె అల్ట్రా హెచ్‌డీ దాకా ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు. లాప్‌టాప్ నత్తనడక నడుస్తుంటే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం ఫుటేజ్‌కి తేలికపాటి నకళ్లు, చేసుకోండి.

పాట ఏడు సెకన్లో, ముప్పై సెకన్లో వాడితే కాపీరైట్ రాదన్నది కూడా పుకారే. 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. ఇది ఎవరు పుట్టించారో గానీ, దీన్ని నమ్మి వీడియోలు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఆడియో ఎలా ఉన్నా ఎడిటింగ్‌లో బాగుచేయొచ్చు అంటారు. ఫ్యాన్ హోరు చాలావరకు తగ్గించొచ్చు. కాలర్ మైక్‌కి గొలుసు తగిలి టకటకమన్న చప్పుడు మాట మీదే పడితే కష్టం. షూట్‌లోనే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, గొలుసు పక్కకు జరపమని మర్యాదగా అడగండి. లేచే ముందు అందరినీ ఒక నిమిషం ఊరుకోమని ఖాళీ గది శబ్దం రికార్డ్ చేయండి. కట్‌ల మధ్య అతకడానికి అదే పనికొస్తుంది.

ఫోన్‌లో తీసిన ఇంటర్వ్యూకి విడిగా రికార్డ్ చేసిన ఆడియో కలిపితే, మొదట్లో పెదాలు సరిపోయి, పోనుపోను తేడా వస్తోందా? ఫుటేజ్ పాడైందని కంగారు పడి డిలీట్ చేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేట్‌ను, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్కను, మారుస్తూ రికార్డ్ చేస్తాయి. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత టూల్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చుకుని, అప్పుడు ఎడిట్‌లోకి తెచ్చుకోండి. ఆ తర్వాత కూడా కొద్దిగా తేడా మిగిలితే, మీరు ఎలాగూ ముక్కలుగానే వాడతారు కాబట్టి, ఏ ముక్కకు ఆ ముక్క జరిపి కలుపుకుంటే సరిపోతుంది.