గొలుసు పడని రికార్డు

తెలంగాణ కొత్త భూ రికార్డుల చట్టం భూభారతి ప్రకారం రిజిస్ట్రేషన్‌కు సర్వే మ్యాపు జత చేయాలి. ఆ మ్యాపులు గీయడానికి ప్రభుత్వం ప్రైవేటు లైసెన్స్‌డ్ సర్వేయర్లను తీసుకోవడంతో పాత తగువు మళ్లీ రేగింది. సర్కారు సర్వేయర్ పని ప్రైవేటు వారికెందుకని?

నిజాం దివాను సాలార్‌జంగ్ నాటి కొలతలు, సేత్వార్ (సర్వే నంబర్ల విస్తీర్ణం చెప్పే మూల రిజిస్టరు), టిప్పన్ (పొలం కొలతల పటం) పాత సంగతులే. అసలు ముడి 2017 సెప్టెంబరు 15న పడింది. ఆ రోజు మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనను మూడున్నర నెలల్లో ముగించాలనుకున్నారు. తగాదా లేని భూములు పార్ట్-ఏ, ఉన్నవి పార్ట్-బి. పేరు ప్రక్షాళనే గానీ పొలాలు కొలవలేదు, పాత పహాణీలనే (ఏ పొలం ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు) సరిచూశారు. కొలుస్తూ కూర్చుంటే ఏళ్లు పడుతుందన్నది అప్పటి సమర్థన.

సర్వే తెలిసినవారి లెక్క వేరు. ఒక సర్వే నంబరులో సేత్వార్ ప్రకారం పది ఎకరాలుంటే, అందులోని పాస్‌బుక్కులన్నీ కూడితే పదకొండు తేలుతుంది. ఆఫీసు భాషలో దీన్ని ఆర్‌ఎస్‌ఆర్ తేడా అంటారు. ఆ ఎక్కువ ఎకరం నేల మీద ఎక్కడా ఉండదు. 2018 మేలో రైతుబంధు వచ్చి పంటకు ఎకరాకు 4,000 రూపాయలు పాస్‌బుక్ విస్తీర్ణాన్ని బట్టే ఇచ్చింది. ఇక తన గుంటలు తగ్గించుకునేదెవరు? 2020లో వీఆర్వోలను (గ్రామ రెవెన్యూ అధికారులను) తీసేశారు, అక్టోబరు 29న ధరణి అనే ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్ తెచ్చారు. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూట అయిపోయేవి, మోకా మీదికి, అంటే పొలం దగ్గరికి, వెళ్లి చూసే మనిషే లేడు.

తగువు ముదిరాక అందరూ పరుగెత్తింది మండల సర్వేయర్ దగ్గరికే. పక్క రైతులకు నోటీసులివ్వాలి, టిప్పన్ పట్టుకుని హద్దురాళ్లు వెతకాలి, కొలిచి పంచనామా రాయాలి. రాళ్లు ఎప్పుడో పీకేసి ఉంటాయి. దరఖాస్తులు పేరుకుపోయింది అందుకే. దాన్ని సర్వేయర్ల బద్ధకంగా చూపడం తేలిక.

లైసెన్స్‌డ్ సర్వేయర్‌తో కొలత త్వరగా అవుతుందన్న ప్రభుత్వ మాట నిజం కావచ్చు. అయితే అతను కొలిచేది అమ్మకానికి వచ్చిన ముక్కనే. మొత్తం సర్వే నంబరులో తేలే లోటును ఎవరి పాస్‌బుక్‌లో కోయాలో చెప్పే అధికారం అతనికీ లేదు, మండల సర్వేయర్‌కూ లేదు. అది రెవెన్యూ అధికారుల పని. 2017లో వారు పక్కన పెట్టింది దాన్నే.