యుద్ధప్రాంతంలో నీళ్ళూ మురుగూ: సాయం ఎక్కడ తెగిపోతుంది?

సిరియా ఈశాన్యంలో రాస్ అల్ ఐన్ పట్టణం దగ్గర అలూక్ అనే పంపింగ్ స్టేషన్ ఉంది. హసకా నగరంలోనూ చుట్టుపక్కలా ఉన్న దాదాపు 4,60,000 మందికి అక్కడి బోర్ల నీళ్ళే ఆధారంగా ఉండేవి. 2019 అక్టోబరులో టర్కీ సైనిక చర్య తర్వాత ఆ స్టేషన్ ఒక పక్షం చేతికి వెళ్ళింది. దానికి కరెంటు పంపే దర్బాసియా సబ్‌స్టేషన్ మరో పక్షం చేతిలో మిగిలింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పంపులు ఆగుతూ, కొన్నాళ్ళు నడుస్తూ, మళ్ళీ ఆగుతూ వచ్చాయి.

యుద్ధంలో నగరాలకు నీళ్ళు ఆగిపోయే తీరు చాలావరకు ఇదే. బాంబు వచ్చి నీళ్ళ ట్యాంకు మీదే పడనక్కర్లేదు. హైటెన్షన్ లైను తెగితే పంపు ఆగుతుంది. పంపు ఆగితే పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి లేని పైపు అతుకుల దగ్గరి చిల్లుల్లోంచి చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మురుగు పంపులు నడిచేదీ ఆ కరెంటుతోనే కాబట్టి, సరిగ్గా అవే రోజుల్లో మురుగు వీధుల్లోకి పొంగుతుంది. అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ ఇంజనీర్లు నగర సేవలను మూడు ఆధారాల మీద నిలబడ్డవిగా చూస్తారు: నడిపే మనుషులు, యంత్రాలూ పైపులూ, రోజూ ఖర్చయ్యే డీజిల్, క్లోరిన్ లాంటి సరుకులు. ఒకటి లేకపోతే మిగతా రెండూ ఉండీ లాభం లేదు. ఒక సంస్థ మోటారు తెస్తుంది, ఇంకొకటి డీజిల్ తెస్తుంది, ఆపరేటరుకు ఆరు నెలలుగా జీతం లేదన్న సంగతి ఎవరూ అడగరు. స్టేషన్ మూతపడే ఉంటుంది.

దీని పర్యవసానం చిన్నది కాదు. సంఘర్షణలో ఉన్న 16 దేశాల లెక్కలు తీసి యూనిసెఫ్ 2019లో ఒక నివేదిక ఇచ్చింది. ఆ దేశాల్లో 15 ఏళ్ళలోపు పిల్లలు హింసకు గురై చనిపోయే ప్రమాదం కన్నా, మంచి నీళ్ళూ పారిశుద్ధ్యమూ లేక వచ్చే విరేచనాలతో చనిపోయే ప్రమాదం దాదాపు మూడు రెట్లు ఎక్కువని అందులో తేలింది. అయిదేళ్ళలోపు పిల్లల్లో అయితే అది 20 రెట్లకు పైనే.

సమన్వయం లేని సాయం ఎలా విఫలమవుతుందో ప్రపంచానికి తెలిపిన చోటు అప్పటి జైర్ (నేటి కాంగో) దేశంలోని గోమా. 1994 జూలైలో రువాండా నుంచి లక్షల మంది సరిహద్దు దాటి అక్కడికి చేరారు. మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది, ఎక్కువగా కలరా, రక్త విరేచనాలతో చనిపోయారు. ఆ చేదు అనుభవం నుంచే 1997లో ‘స్ఫియర్’ అనే పేరుతో, సహాయ సంస్థలు పాటించాల్సిన కనీస ప్రమాణాల పని మొదలైంది. 2005 నాటి సంస్కరణలతో ఐక్యరాజ్యసమితి వ్యవస్థలో ‘క్లస్టర్’ పద్ధతి, అంటే ఒక్కో రంగంలోని సంస్థలన్నీ ఒక నాయక సంస్థ సమన్వయంలో పనిచేసే పద్ధతి, వచ్చింది. నీళ్ళు, పారిశుద్ధ్యం, పరిశుభ్రతల క్లస్టర్‌కు ప్రపంచ స్థాయిలో యూనిసెఫ్ నాయకత్వం వహిస్తుంది. శరణార్థుల విషయంలో ఆ బాధ్యత శరణార్థుల హైకమిషనర్ కార్యాలయానిది. రెడ్ క్రాస్ కమిటీ తన తటస్థత కోసం ఈ చట్రానికి బయట ఉంటూనే సమాచారం పంచుకుంటుంది. ఈ పద్ధతి వల్ల ఒక మంచి జరిగింది: ఎక్కడైనా ఖాళీ మిగిలిపోతే చివరికి ఎవరు జవాబు చెప్పాలో తేలింది.

ఇక లెక్కల్లోకి వద్దాం, ఎందుకంటే సమన్వయం నిజంగా జరిగేదీ చెడేదీ అక్కడే. స్ఫియర్ ప్రమాణాల్లో అందరికీ తెలిసినది మనిషికి రోజుకు 15 లీటర్లు అన్నది. ఒక కుళాయికి 250 మంది, చేతిపంపుకు 500 మంది, ఇంటి నుంచి 500 మీటర్లలోపు దూరం, వరుసలో 30 నిమిషాలకు మించని నిరీక్షణ ఆ తర్వాతివి. వీటిని విడివిడిగా కంఠస్థం చేసి వాడితే ప్రమాదం. 250 మందికి 15 లీటర్ల చొప్పున 3,750 లీటర్లు కావాలి. కుళాయి నుంచి నిమిషానికి 7.5 లీటర్లు వస్తాయనుకుంటే అంత నీళ్ళు పట్టుకోవడానికి 500 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల పైన పడుతుంది. కర్ఫ్యూ వల్లో కాల్పుల వల్లో రోజుకు నాలుగు గంటలే నీళ్ళు వదలగలిగితే కుళాయికి 120 మంది మించకూడదు. నివేదికలో ‘ప్రమాణం ప్రకారం కుళాయిలు పెట్టాం’ అని ఉన్న చోటే జనం ఖాళీ డబ్బాలతో వెనక్కి వెళ్ళడానికి కారణం తరచూ ఇదే.

ట్యాంకర్ల సంగతీ అంతే. 20,000 మందికి రోజుకు 3,00,000 లీటర్లు. 10,000 లీటర్ల ట్యాంకర్లయితే 30 ట్రిప్పులు. నింపడానికి అరగంట, పోనూ రానూ ప్రయాణం గంటా పావు, ఖాళీ చేయడానికి అరగంట, చిన్నాచితకా ఆలస్యాలు కలిపి ఒక ట్రిప్పు రెండున్నర గంటలు అనుకుందాం. పది గంటల పగటి వేళలో ఒక బండి నాలుగు ట్రిప్పులు తిరుగుతుంది. ఎనిమిది బండ్లు చాలు, మరమ్మతుల కోసం ఇంకో రెండు. ఇప్పుడు దారిలో ఒక కొత్త చెక్‌పోస్టు గంటన్నర ఆపిందనుకోండి. ట్రిప్పు నాలుగు గంటలవుతుంది, బండి రెండుసార్లే తిరుగుతుంది, 15 బండ్లు కావాలి. నీళ్ళు తగ్గలేదు, డబ్బు తగ్గలేదు, అయినా సరఫరా సగమైంది. అందువల్ల చెక్‌పోస్టు దగ్గర నీళ్ళ బండ్లకు వేరే వరుస ఇప్పించడం ఏడు ట్యాంకర్లు కొనడంతో సమానం. ఆ మాట్లాడే పని ఒక్కో సంస్థా విడిగా చేస్తే పక్షాలు ఒక్కొక్కరికీ ఒక్కో షరతు పెడతాయి. అందరి తరఫున ఒకరే మాట్లాడాలి.

క్లోరిన్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ప్రాణాలు కాపాడేది అదే, గందరగోళం ఎక్కువయ్యేదీ దానితోనే. సహాయ శిబిరాలకూ గిడ్డంగుల్లోకీ వచ్చే కాల్షియం హైపోక్లోరైట్ పౌడర్‌లో క్లోరిన్ 65 నుంచి 70 శాతం ఉంటుంది. దాంతో ఒక శాతం ద్రావణం చేయాలంటే లీటరు నీటికి 15 గ్రాములు. మామూలు బ్లీచింగ్ పౌడర్‌లో ఉండేది దాదాపు 33 శాతమే కాబట్టి 30 గ్రాములు. అదీ గాలి, ఎండ తగిలితే నెలల్లోనే సత్తువ కోల్పోతుంది. ఒక సంస్థ మొదటిదీ, ఇంకొకటి రెండోదీ తెచ్చి, ఒకే కొలతల కాగితం గోడకు అంటిస్తే ఒక చోట నీళ్ళు మందు వాసనతో తాగలేనట్టు ఉంటాయి, మరో చోట క్రిములు చావవు. వాసన వచ్చిన చోట జనం శుద్ధి చేసిన నీళ్ళు వదిలి మడుగు నీళ్ళకు పోతారు. ఒక ప్రాంతమంతటా ఒకే రకం పౌడర్, ఒకే కొలత చెంచా, ఒకే రకం బిళ్ళలు ఉండాలని మొదటి వారంలోనే తేల్చుకోవడం మేలు. 20 లీటర్ల డబ్బాకు వేయాల్సిన 67 మిల్లీగ్రాముల బిళ్ళనూ, ఒక లీటరు సీసాకు వేసే చిన్న బిళ్ళనూ ఒకే శిబిరంలో పంచితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మోతాదును పుస్తకంలోంచి తీసుకోకూడదు, ఆ నీటినే అడగాలి. ప్లాస్టిక్ బకెట్లు నాలుగు తీసుకుని, ఒక్కొక్క దానిలో 20 లీటర్ల నీళ్ళు పోసి, ఒక శాతం ద్రావణం వరసగా 2, 3, 4, 5 మిల్లీలీటర్లు వేసి కలిపి అరగంట ఆగాలి. ఇవి లీటరుకు 1, 1.5, 2, 2.5 మిల్లీగ్రాముల మోతాదులు. అరగంట తర్వాత మిగిలిన క్లోరిన్ కొలిచి, కావలసినంత మిగిలిన బకెట్‌ను ఎంచుకోవాలి. లీటరుకు 2 మిల్లీగ్రాములని తేలితే 10,000 లీటర్ల ట్యాంకరుకు ఆ ద్రావణం 2 లీటర్లు. బండి నింపుతున్నప్పుడే పోస్తే ప్రయాణంలో బాగా కలుస్తుంది, కావలసిన అరగంటా దారిలోనే గడుస్తుంది. నీళ్ళు బురదగా ఉంటే, అంటే నీటి మసకను కొలిచే ఎన్‌టీయూ లెక్కలో 5 దాటితే, ముందు పటికతో తేర్చాలి. లేకపోతే క్లోరిన్ అంతా బురదకే ఖర్చవుతుంది.

కుళాయి దగ్గర లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు మిగలాలన్నది పాత నియమం. కుళాయి దగ్గర ఉన్నది ఇంట్లో సాయంత్రానికి ఉండదు. దక్షిణ సూడాన్ శిబిరాల్లో చేసిన కొలతలు ఈ సంగతిని బయటపెట్టాయి. ఎండ, మురికి డబ్బా, చేతులు ముంచి తీసుకోవడం, ఇవన్నీ క్లోరిన్‌ను తినేస్తాయి. అందుకే ఇళ్ళలో, పట్టుకున్న కొన్ని గంటల తర్వాత కొలిచి, దాన్నిబట్టి కుళాయి దగ్గరి మోతాదు పెంచే పద్ధతి మెల్లగా అలవాటవుతోంది. ఇది తప్పనిసరి కావాలని నా అభిప్రాయం. ఇంకో హెచ్చరిక: ఈ పౌడర్‌ను డీజిల్ పీపాల పక్కన పేర్చకూడదు. రెండూ కలిస్తే మంటలు లేస్తాయి. హడావుడిగా అద్దెకు తీసుకున్న గిడ్డంగుల్లో ఈ రెండూ పక్కపక్కనే కనబడుతుంటాయి. పైగా క్లోరిన్ వాయువును ఆయుధంగా వాడిన చరిత్ర ఉంది కాబట్టి దాని రవాణాకు అనుమతులు ఆలస్యమవుతాయి. సరుకు సగం ఉండగానే తర్వాతి విడతకు దరఖాస్తు పెట్టాలి.

జెనరేటర్లు ఇస్తే పని అయిపోయిందనుకుంటారు. 75 కిలోవాట్ల పంపు రోజుకు పది గంటలు నడిస్తే 750 యూనిట్లు, అంటే సుమారు 225 లీటర్ల డీజిల్. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి సరిసమానమైన జెనరేటర్ పెడితే అది ఆగిపోతుంది, రెట్టింపు సామర్థ్యమైనా ఉండాలి. ఆయిల్ సాధారణంగా 250 గంటలకోసారి మార్చాలి. కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికి తెచ్చిన యంత్రాన్ని రాత్రీ పగలూ నడిపితే ఆ గడువు దాదాపు పది రోజుల్లోనే వచ్చేస్తుంది. ఫిల్టర్లు, ఆయిల్ లేక ఏడాదిలోపే మూలపడ్డ జెనరేటర్లు ఏ యుద్ధ ప్రాంతంలోనైనా ఉంటాయి. ఒకే తయారీదారు యంత్రాలు ఇచ్చేలా దాతలను ఒప్పించగలిగితే ఒకే విడిభాగాల గది అందరికీ సరిపోతుంది.

అన్నీ ఉన్నా మనిషి అక్కడికి చేరాలి. ఉక్రెయిన్ తూర్పున, అవ్‌దీవ్‌కాకూ యాసినువాటాకూ మధ్య, సరిగ్గా పోరు రేఖ మీద దోనెత్స్క్ ఫిల్టర్ స్టేషన్ ఉండేది. రెండు వైపులా ఉన్న లక్షల మందికి అక్కడి నీళ్ళే. 2018 ఏప్రిల్‌లో పని ముగించుకుని వస్తున్న కార్మికుల బస్సు మీద కాల్పులు జరిగి అయిదుగురు గాయపడ్డారు. అక్కడ ఒక్కో మరమ్మతుకూ రెండు పక్షాల నుంచి కొన్ని గంటల కాల్పుల విరమణ హామీ తీసుకోవాల్సి వచ్చేది. ఆ గంటల్లోనే పేలని గుండ్లను తీసేవాళ్ళు ముందు వెళ్ళాలి, తర్వాత పైపు తవ్వేవాళ్ళు, తర్వాత లైనుమన్లు. ఒక జట్టు ఆలస్యమైతే ఆ రోజు పోయినట్టే. శీతాకాలంలో నీళ్ళు ఆగిన పైపులు గడ్డకట్టి పగిలిపోతాయి, ఇళ్ళను వేడి చేసే వ్యవస్థా ఆగుతుంది. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ 54వ అధికరణ తాగునీటి ఏర్పాట్లపై దాడిని నిషేధిస్తోంది, 2021 ఏప్రిల్‌లో భద్రతా మండలి 2573వ తీర్మానం ఆ రక్షణను గట్టిగా గుర్తుచేసింది. స్టేషన్ల అక్షాంశ రేఖాంశాలను పక్షాలకు ముందే తెలియజేసే ఏర్పాటూ ఉంది. తెలియజేసినంత మాత్రాన రక్షణ దొరుకుతుందని ఏ జట్టుకూ చెప్పకూడదు.

మురుగుకు దక్కేది ఎప్పుడూ మిగిలిన డబ్బే. ఇది అన్యాయం, ప్రమాదం కూడా. ఇంటికి చేరిన నీళ్ళలో సుమారు 80 శాతం మురుగై తిరిగి వస్తుంది. శిబిరంలో మొదట 50 మందికి ఒక మరుగుదొడ్డి, వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి కావాలి. 20,000 మందికి మొదట 400, ఆ తర్వాత 1,000. ఆడవాళ్ళవి మగవాళ్ళవాటికి మూడింతలు ఉండాలి, లోపలి గొళ్ళెమూ బయట దీపమూ లేనిదాన్ని లెక్కలో వేయకూడదు. గుంత అడుగుకూ భూగర్భ జలానికీ మధ్య మీటరున్నర, బావికీ గుంతకూ మధ్య 30 మీటర్లు ఉండాలి. రాతినేలల్లో, నీళ్ళు పైకే ఉన్న నేలల్లో గుంతలు కుదరవు, మూసిన తొట్లు పెట్టాలి. అవి నిండుతాయి. కడుక్కునే నీళ్ళతో కలిపి మనిషికి రోజుకు 2 లీటర్లే అనుకున్నా 20,000 మందికి 40,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల లారీకి రోజుకు ఎనిమిది ట్రిప్పులు. ఎక్కడికి? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా కట్టిన మరుగుదొడ్లలోని మలం చివరికి వాగులోకే చేరుతుంది. పారబోసే చోటు ఖరారయ్యాకే తొట్లు కొనాలి. అక్కడ సున్నం కలిపి పీహెచ్ 12కు పెంచి కనీసం రెండు గంటలు ఉంచితే చాలావరకు క్రిములు చస్తాయి.

కలరా మొదలైతే ఆసుపత్రి రిజిస్టరే నీళ్ళ జట్లకు పటం. యెమెన్‌లో 2016 అక్టోబరులో మొదలైన కలరా 2017 చివరికి పది లక్షల అనుమానిత కేసులు దాటింది. అంత విస్తీర్ణంలో అందరికీ అన్నీ ఇవ్వడం సాధ్యం కాదు. రోగి ఏ వీధి నుంచి వచ్చాడో అదే రోజు తెలిస్తే, ఒకటి రెండు రోజుల్లో ఆ ఇంటికీ ఇరుగుపొరుగు ఇళ్ళకూ క్లోరిన్, సబ్బు, మూత ఉన్న డబ్బా చేరతాయి. జాబితా వారానికోసారి వస్తే జట్టు వెళ్ళేసరికి వ్యాధి వేరే వీధికి పోయి ఉంటుంది.

ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అనే పట్టిక ప్రతి క్లస్టర్ దగ్గరా ఉంటుంది. అందులో ‘కట్టాం’ అని ఉన్న వరుసల పక్కన ‘ఈ వారం పనిచేస్తోందా’ అనే గడి లేకపోతే ఆ పట్టిక తప్పుదారి పట్టిస్తుంది. రోడ్డు బాగున్న శిబిరానికి అయిదు సంస్థల పేర్లుంటాయి, బంధువుల ఇళ్ళలో తలదాచుకున్న కుటుంబాల వీధికి ఒక్కటీ ఉండదు. జనాభా సంఖ్య మీద ఒప్పందం లేకపోవడం మరో జబ్బు. ఒకే ఊరికి మూడు అంకెలతో మూడు ప్రణాళికలు తయారవుతాయి. నీటి సంస్థ కార్మికులకు ఇచ్చే భత్యం అన్ని చోట్లా ఒకే రేటు ఉండాలి. లేదంటే అనుభవమున్న ఆపరేటర్ ఎక్కువ ఇచ్చే సంస్థలో డ్రైవరుగా చేరిపోతాడు.

పోరు కాస్త నెమ్మదించిన చోట ట్యాంకర్లు ఆపి పైపులైన్లు బాగుచేయడానికి వేరే బడ్జెట్, వేరే అనుమతులు కావాలి కాబట్టి ట్యాంకర్ల కాంట్రాక్టే మూడు నెలలకోసారి పొడిగిస్తూ పోతారు. ప్రతి పొడిగింపుకు ముందు, అంతే డబ్బుతో ఎన్ని వాల్వులు, ఎన్ని మీటర్ల పైపు, ఎన్ని నెలల జీతాలు వస్తాయో పక్కన రాసి దాతల ముందు పెట్టాలి. ఆ అంచనా వేయాలంటే నగరం కింద ఏ వాల్వు ఎక్కడుందో తెలియాలి. కార్యాలయం కాలిపోయి నక్షాలు పోయిన చోట అది పాత లైనుమన్లకూ ఫిట్టర్లకూ మాత్రమే గుర్తుంటుంది. వాళ్ళు ఊరు విడిచి వెళ్ళకముందే, వాళ్ళకు భత్యం ఇచ్చి, వీధి వీధీ తిరిగి ఆ నక్షా మళ్ళీ గీయించుకోవాలి.