సర్వర్ గది తాళం చెవి

2025 జులై 22న నయారా ఎనర్జీ ఉద్యోగులకు మెయిల్ తెరుచుకోలేదు, ఆఫీసు మీటింగులకు, సందేశాలకు వాడే మైక్రోసాఫ్ట్ టీమ్స్ పనిచేయలేదు. గుజరాత్‌లోని వాడినార్‌లో ఏటా 2 కోట్ల టన్నుల ముడిచమురు శుద్ధి చేసే కంపెనీ అది. దేశమంతా 6,000కు పైగా పెట్రోల్ బంకులున్నాయి. రిఫైనరీకి ఏమీ కాలేదు, సాఫ్ట్‌వేర్‌కు డబ్బులూ కట్టే ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే: కంపెనీలో 49.13 శాతం వాటా రష్యాకు చెందిన రోస్‌నెఫ్ట్‌ది. అందుకే జులై 18న యూరోపియన్ యూనియన్ నయారా మీద ఆంక్షలు పెట్టింది. నాలుగు రోజులకు మైక్రోసాఫ్ట్ తన సేవలు ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టు గుమ్మం ఎక్కాక కొద్ది రోజుల్లోనే అవి తిరిగొచ్చాయి. కానీ ఐటీ మేనేజర్ల మధ్య పాత చర్చ మళ్లీ రాజుకుంది. ఆఫీసు డేటా, సాఫ్ట్‌వేర్ నడిపే పెద్ద కంప్యూటర్లను, అంటే సర్వర్లను మన ఆఫీసులోనే పెట్టుకోవాలా, లేక వేరే కంపెనీ కంప్యూటర్లను నెట్ ద్వారా అద్దెకు వాడుకునే క్లౌడ్‌కి ఎక్కించేయాలా?

క్లౌడ్ అనే మాట పుట్టకముందే మన దేశం ఈ తగవు చూసింది. 1960ల్లో, 70ల్లో ఇక్కడ పెద్ద కంప్యూటర్ అంటే ఐబీఎం 1401 లాంటిదే. దాన్ని సొంతానికి కొనడం కంటే నెలనెలా అద్దె కట్టి వాడుకోవడమే మామూలు. మెషీన్ మన గదిలో ఉంటుంది, సొంతదారు ఐబీఎం. చెడిపోతే వాళ్ల మనిషే రావాలి. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం (ఫెరా) ప్రకారం విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోమని ప్రభుత్వం పట్టుబట్టింది. ఐబీఎం ఒప్పుకోలేదు. 1978లో సర్దుకుని వెళ్లిపోయింది. అది వదిలేసిన మెషీన్లు ఆగిపోకుండా చూసే పని ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ మీద పడింది. అప్పటికే హైదరాబాద్‌లో ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ సొంతంగా టీడీసీ కంప్యూటర్లు తయారుచేస్తోంది. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ అంటే బస్ స్టాపు పేరనే అనుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువేమో గానీ, ఆ పేరు వెనకున్నది ఈ చరిత్రే.

అమెరికాలో అద్దె ఆలోచనకు వేరే మూలం ఉంది. టెలిఫోన్ లాగే కంప్యూటర్ శక్తి కూడా ఒకరోజు అందరూ వాడుకుని బిల్లు కట్టే సేవ అవుతుందని 1961లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ అన్నారు. అప్పట్లో మెషీన్ ఖరీదు అలాంటిది మరి. ఒక్కదాన్నే పదిమంది పంచుకోక తప్పేది కాదు. పీసీలు చవకయ్యాక ఆ అవసరం తీరింది, ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకున్నారు.

మన ఊళ్లలో సర్వర్ గది ఎలా ఉండేదో చూసినవాళ్లు మర్చిపోరు. ఆఫీసు మొత్తానికి ఒకే ఏసీ, అదీ మనుషులకు కాదు, మెషీన్‌కి. దసరాకు దాని నుదుట కుంకుమ బొట్టు. మూలన బ్యాటరీలు ఉబ్బిన యూపీఎస్. రాత్రి బ్యాకప్ తీసిన హార్డ్‌డిస్క్‌ని అకౌంటెంట్ గారు క్యారేజీ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లేవారు, చాలాచోట్ల విపత్తు ప్రణాళిక అంటే అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టినప్పుడు ఈ ఏర్పాటుకి అసలు ఖర్చు తెలిసొచ్చింది. సర్వర్ ఒకసారి కొంటే అయిపోతుందనుకున్నాం. డీజిల్, బ్యాటరీలు, ఏసీ, ఏటా కట్టే మరమ్మతుల ఒప్పందం (ఏఎంసీ), అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి... వీటి లెక్క ఎవరూ ఒకే పుస్తకంలో రాయలేదు.

2006లో అమెజాన్ అమ్మింది ఈ తలనొప్పి లేని జీవితాన్ని. మార్చిలో డేటా దాచుకునే ఎస్3 సేవ, నెలకు గిగాబైట్‌కి 15 సెంట్లు. ఆగస్టులో సర్వర్లు అద్దెకిచ్చే ఈసీ2, గంటకు 10 సెంట్లు. ఐదేళ్ల అవసరాన్ని ఊహించి ముందే కొనక్కర్లేదు, పండగ సేల్ వారం పది సర్వర్లు తీసుకుని మర్నాడు వదిలేయొచ్చు. 2008 ఆగస్టులో సొంత డేటాబేస్ పాడై మూడు రోజులపాటు డీవీడీలు పంపలేకపోయిన నెట్‌ఫ్లిక్స్, ఆ దెబ్బకే క్లౌడ్ బాట పట్టింది. పూర్తిగా మారేసరికి 2016 జనవరి వచ్చింది. ఏడేళ్లు! "మూడు నెలల్లో ఎక్కించేస్తాం" అనే కన్సల్టెంట్ ఎదురైనప్పుడు ఈ సంఖ్య గుర్తుంచుకోవడం మంచిది.

మన దగ్గర క్లౌడ్‌కి మొదట్లో అడ్డుపడింది నెట్ లైను. సర్వర్లు సింగపూర్‌లో, లైను మన వీధి తవ్వే జేసీబీ దయలో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు రెండు పక్షాలూ ఓడిపోయాయి. కరెంట్ లేక ఆఫీసు సర్వర్ ఆగింది. ఫోన్లు, నెట్ లేక దూరాన భద్రంగా ఉన్న క్లౌడూ అందలేదు. అయితే నెట్ తిరిగొచ్చాక క్లౌడ్ వాడేవాళ్ల డేటా ఎక్కడిదక్కడే ఉంది.

ఆ తర్వాత దూరం తగ్గింది. 2015లో మైక్రోసాఫ్ట్ పుణె, చెన్నై, ముంబైలలో, 2016లో అమెజాన్ ముంబైలో, 2017లో గూగుల్ కూడా ముంబైలోనే కేంద్రాలు తెరిచాయి. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు, చెల్లింపుల డేటా భారత్‌లోనే ఉండాలని ఆరు నెలల గడువుతో ఆదేశించింది. దేశంలో డేటా సెంటర్లు కట్టడానికి అదీ ఒక కారణమైంది. 2020 లాక్‌డౌన్‌లో సర్వర్ గదికి తాళం పడి, ఆగిన మెషీన్‌ని మళ్లీ ఆన్ చేయడానికి పోలీసు పాస్ అడగాల్సివచ్చిన చిన్న కంపెనీలు చర్చ ఆపేసి క్లౌడ్ ఎక్కేశాయి. 2022 నవంబర్‌కి హైదరాబాద్‌లోనే అమెజాన్ రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం తెరుచుకుంది.

అప్పటికే ఎదురుగాలి మొదలైంది. కారణం నెల బిల్లు. అమెజాన్ నుంచి చాలావరకు సొంత సర్వర్లకు మారడంతో రెండేళ్లలో 7.46 కోట్ల డాలర్ల నిర్వహణ ఖర్చు తగ్గిందని 2018లో ఫైళ్లు దాచిపెట్టే సేవ నడిపే డ్రాప్‌బాక్స్, తొలిసారి షేర్లు అమ్మేముందు ఇచ్చిన ఐపీఓ పత్రాల్లో రాసింది. ఆఫీసు పనుల నిర్వహణకు వాడే బేస్‌క్యాంప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే 37సిగ్నల్స్ 2022లో క్లౌడ్‌కి 32 లక్షల డాలర్లు కట్టింది, క్లౌడ్ వదిలేస్తున్నట్టు అదే ఏడాది ప్రకటించింది. ఏడు లక్షల డాలర్ల లోపు డెల్ సర్వర్లు కొని, అద్దె డేటా సెంటర్లో పెట్టుకుంది. ఈ ఉదాహరణ చూపించి "మనమూ వెనక్కి పోదాం" అనేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. వాళ్ల పని ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది, సర్వర్లు నడపడం చేతనైన మనుషులు ముందే జీతం మీద ఉన్నారు. విజయవాడలో పదిహేను మంది పనిచేసే మందుల డిస్ట్రిబ్యూటర్‌కి అలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారు? అలాంటి వ్యాపారానికి క్లౌడే నయమని నా అభిప్రాయం. రోజంతా ఒకే బరువు మోసే పాత ఈఆర్‌పీని (లెక్కలు, సరుకు, ఉత్పత్తి అన్నీ చూసే సాఫ్ట్‌వేర్‌ని) మార్చకుండా అలాగే ఎత్తి క్లౌడ్‌లో పెట్టి, బిల్లు చూసి టెన్షన్ పడే పెద్ద ఫ్యాక్టరీ సంగతి వేరు. దానికి సొంత సర్వర్ల ర్యాకే చవక పడొచ్చు.

సొంతం అన్న మాటను కూడా మరీ నమ్మలేం. సర్వర్లు తమ గదిలోనే ఉన్న వేల కంపెనీలు వాటిమీద వీఎంవేర్ నడుపుతున్నాయి. ఒకే మెషీన్‌ని పలు సర్వర్లుగా పనిచేయించే సాఫ్ట్‌వేర్ అది. 2023 నవంబర్‌లో దాన్ని బ్రాడ్‌కామ్ కొన్నది. డిసెంబర్‌కల్లా శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి, చందా కట్టమంది. ఇనుము మనది, అద్దె మాత్రం తప్పలేదు. ఐబీఎం 1401 నాటి రోజుల్ని గుర్తుచేసే సంగతి ఇది. ఇక 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల సమాచారం బూడిదైంది. అది ప్రభుత్వ సొంత ఏర్పాటే. బయట మరో కాపీ లేదు, కారణం అడిగితే డేటా మరీ పెద్దదన్నారు.

నయారా ఏంచేసిందో చూస్తే ముచ్చటేస్తుంది. మైక్రోసాఫ్ట్ మెయిల్ ఆగిపోగానే అది సొంత సర్వర్ గది కట్టుకోలేదు. మన రీడిఫ్ దగ్గర మెయిల్ సేవ తీసుకుంది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం కూడా సుమారు 12 లక్షల మంది ఉద్యోగుల మెయిళ్లను మన దేశ కంపెనీ జోహో వేదిక మీదికి మార్చింది.