డ్రాఫ్ట్‌కు ముందు గాయమైతే నష్టం ఎవరి ఖాతాలో?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమమే డ్రాఫ్ట్. 2016 ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో డల్లాస్ కౌబాయ్స్ జట్టు తన మొదటి రెండు అవకాశాలతో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లను తీసుకుంది. నాలుగో స్థానంలో ఒహాయో స్టేట్ రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తే ఆటగాడు) ఎజెకియల్ ఎలియట్, 34వ స్థానంలో నోటర్‌డామ్ లైన్‌బ్యాకర్ (ఎదుటివాళ్లను అడ్డుకునే డిఫెన్స్ ఆటగాడు) జేలన్ స్మిత్. అదే ఏడాది జనవరి 1న అరిజోనాలో జరిగిన ఫియస్టా బౌల్‌లో, అంటే కాలేజీ సీజన్ చివర జరిగే పెద్ద మ్యాచ్‌ల్లో ఒకదానిలో, వీళ్లిద్దరూ ఎదురెదురు జట్లలో ఆడారు. ఆ రోజు మ్యాచ్ మొదలయ్యే వరకూ స్మిత్ కూడా మొదటి ఐదుగురిలో ఉంటాడనే చాలామంది అనుకున్నారు. దేశంలోని ఉత్తమ కాలేజీ లైన్‌బ్యాకర్‌కు ఇచ్చే బట్కస్ అవార్డు అప్పటికే అతనికి వచ్చింది. మొదటి క్వార్టర్‌లోనే ఎడమ మోకాలు మెలిపడింది. మోకాలి ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్, ఎల్‌సీఎల్ రెండు లిగమెంట్లూ తెగిపోయాయి. పాదాన్ని పైకి లేపే నరం కూడా దెబ్బతింది.

ఎలియట్ నాలుగేళ్ల తొలి ఒప్పందం విలువ సుమారు 2.5 కోట్ల డాలర్లు. స్మిత్‌కు అవే నాలుగేళ్లకు దక్కింది సుమారు 65 లక్షల డాలర్లు. ఒకే మైదానంలో ఆడిన ఇద్దరు కుర్రాళ్ల మధ్య ఇంత తేడా రావడానికి ఒక్క మోకాలు చాలింది. డల్లాస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో, అంటే ఇప్పుడు తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటున్న ఊళ్లోనే, కౌబాయ్స్ ప్రధాన కేంద్రం ఉంది. అక్కడి మన పిల్లలకు ఈ పేర్లన్నీ కొట్టినపిండి. ఆ డబ్బు లెక్క వెనక ఎనభై ఏళ్ల చరిత్ర ఉందన్నది మాత్రం ఆట చూసేవాళ్లలో చాలామంది దృష్టికి రాదు.

డ్రాఫ్ట్ ఆలోచన బెర్ట్ బెల్‌ది. అప్పట్లో ఆయన ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని. డబ్బున్న జట్లే మంచి కుర్రాళ్లను ఎగరేసుకుపోతుంటే తన జట్టు ఎప్పటికీ కిందే ఉంటుందని ఆయన బాధ. అట్టడుగున నిలిచిన జట్టుకు ముందుగా ఎంచుకునే హక్కు ఇవ్వాలని 1935లో ప్రతిపాదించారు. మొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో జరిగింది. జట్లకు ఇది న్యాయమైన పద్ధతే. ఆటగాడి వైపు నుంచి చూస్తే తనను ఎంచుకున్న జట్టుతో తప్ప మరొకరితో బేరం ఆడే వీలు పోయింది. ఆ రోజుల్లో ఈ ఆటలో పెద్దగా డబ్బు లేదు కాబట్టి అది ఎవరికీ అంత బరువుగా అనిపించలేదు. మొట్టమొదట ఎంపికైన జే బెర్వాంగర్ అసలు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు.

దీనికి తోడు రెండో ముడి ఒకటి ఉంది. హైస్కూల్ పూర్తయ్యాక మూడేళ్లు గడిస్తేనే డ్రాఫ్ట్‌కు అర్హత. ఆ మూడేళ్లూ కుర్రాడు ఆడేది కాలేజీ జట్టుకే. స్టేడియాలు నిండుతాయి, టీవీ హక్కులు కోట్లకు అమ్ముడుపోతాయి. ఆడే కుర్రాడికి మాత్రం చాలా కాలం పాటు చదువు ఖర్చు, బస, భోజనం తప్ప జీతమన్నదే లేదు. 2003 జనవరి 3న ఒహాయో స్టేట్ జాతీయ ఛాంపియన్‌గా నిలిచిన మ్యాచ్‌లో మొదటి ఏడాది విద్యార్థి మారిస్ క్లారెట్ ఆడాడు. ఆ తర్వాత అతను ఈ మూడేళ్ల నిబంధనపై కోర్టుకు వెళ్లాడు. కింది కోర్టులో గెలిచినా 2004లో అప్పీల్ కోర్టులో ఓడిపోయాడు. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి సోనియా సోటోమేయర్, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆమే. నిబంధన నేటికీ అలాగే ఉంది.

అదే 2003 మ్యాచ్‌లో ఎదుటి జట్టు మయామీ. వాళ్ల రన్నింగ్ బ్యాక్ విలిస్ మెక్‌గేహీ ఆ సీజన్‌లో 1,753 గజాలు పరుగెత్తాడు, 28 టచ్‌డౌన్లు చేశాడు. నాలుగో క్వార్టర్‌లో మోకాలికి నేరుగా దెబ్బ తగిలి మూడు లిగమెంట్లు తెగాయి. డ్రాఫ్ట్‌కు నాలుగు నెలలు కూడా లేదు. అయినా బఫెలో బిల్స్ అతన్ని మొదటి రౌండ్‌లోనే (జట్లన్నీ ఒక విడత ఎంచుకోవడాన్ని రౌండ్ అంటారు), 23వ స్థానంలో తీసుకుంది. 2003 సీజన్ మొత్తం కూర్చోబెట్టి, 2004లో దింపితే 1,128 గజాలు సాధించాడు. గాయపడ్డ కుర్రాడి కోసం ఒక ఏడాది ఆగడం కూడా లాభసాటి కావచ్చని జట్లకు ధైర్యం ఇచ్చిన ఉదాహరణ ఇది. అదే మయామీ కాలేజీలో మెక్‌గేహీతో కలిసి ఆడిన ఫ్రాంక్ గోర్‌కు రెండు మోకాళ్లలోనూ ఏసీఎల్ తెగింది. అతను 2005లో మూడో రౌండ్ దాకా, 65వ స్థానం దాకా ఆగాల్సి వచ్చింది. 16 సీజన్లు ఆడి, సరిగ్గా 16,000 గజాలతో లీగ్ చరిత్రలో మూడో స్థానంలో నిలిచాడు. అతనికన్నా ముందు ఎంపికైన 64 మందిలో ఏ రన్నింగ్ బ్యాక్ కూడా దాని దరిదాపుల్లోకి రాలేదు.

ఇన్ని ఉదాహరణలు చూశాక కూడా జట్లు ఎందుకు భయపడతాయో అర్థం కావాలంటే ఇండియానాపోలిస్ వెళ్లాలి. ఏటా ఫిబ్రవరి చివర్లో అక్కడ మూడు వందలకు పైగా కుర్రాళ్లను పిలిచి కంబైన్ నిర్వహిస్తారు. టీవీలో కనిపించేది 40 గజాల పరుగు, ఎగురుడు, బరువులెత్తడం. జట్లకు అసలు కావలసింది వైద్య పరీక్ష. ఒకప్పుడు ఒక్కో జట్టూ కుర్రాణ్ని విడిగా పిలిపించుకుని పరీక్షలు చేయించేది. ఒకే మోకాలిని పదిమంది డాక్టర్లు పది ఊళ్లలో వంచి చూసేవారు. ఈ తిప్పలు తప్పించడానికే 1982లో టాంపాలో తొలి ఉమ్మడి శిబిరం పెట్టారు. 1987 నుంచి ఇండియానాపోలిస్ శాశ్వత వేదికైంది. ఎక్స్‌రేలు, ఎంఆర్‌ఐలు, గుండె పరీక్షలు అన్నీ అక్కడే. గాయాల నుంచి కోలుకుంటున్న వాళ్లను ఏప్రిల్‌లో మళ్లీ పిలిచి ఇంకోసారి చూస్తారు. ఆ తర్వాత ప్రతి జట్టు డాక్టరూ ఒక గ్రేడ్ ఇస్తాడు. ఆ గ్రేడ్ బాగోలేకపోతే ఎంత గొప్ప ఆటగాడి పేరైనా జాబితా నుంచి మాయమవుతుంది.

నా దృష్టిలో చాలా వార్తా కథనాలు ఇక్కడే పొరబడతాయి. "ఏసీఎల్ తెగింది, స్థానం పడిపోతుంది" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అన్ని గాయాలనూ జట్లు ఒకేలా చూడవు. ఒక్క ఏసీఎల్ మాత్రమే, శుభ్రంగా తెగితే, ఇప్పటి శస్త్రచికిత్సతో ఏడాదిలోపు చాలామంది తిరిగి ఆడుతున్నారు. అందుకే 2014 నవంబర్‌లో ఏసీఎల్ తెగిన జార్జియా ఆటగాడు టాడ్ గుర్లీని రామ్స్ 2015లో పదో స్థానంలో తీసుకుంది. 2022 జనవరి 10న ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో ఏసీఎల్ పోగొట్టుకున్న అలబామా రిసీవర్ జేమ్సన్ విలియమ్స్ కోసం డెట్రాయిట్ లయన్స్ ముందుకు జరిగి మరీ 12వ స్థానం కొనుక్కుంది. జట్లను వెనక్కి లాగేవి నరం, కార్టిలేజ్ (కీలులో ఎముకలు రాసుకోకుండా ఉండే మెత్తటి పొర). తెగిన లిగమెంట్ స్థానంలో ఇంకోటి అతకవచ్చు, దెబ్బతిన్న నరం ఎప్పుడు మేలుకుంటుందో ఏ డాక్టరూ తేదీ చెప్పలేడు. అరిగిన కార్టిలేజ్ పరిస్థితి ఇంకా కష్టం. ఈ ఏడాది ఆడగలడు, వచ్చే ఏడాది కూడా ఆడగలడు, మరి రెండో ఒప్పందం నాటికి? 2016లోనే యూసీఎల్‌ఏ లైన్‌బ్యాకర్ మైల్స్ జాక్ ఈ ప్రశ్న వల్లే మొదటి రౌండ్ దాటి 36వ స్థానానికి జారాడు. మోకాలికి ముందు ముందు కార్టిలేజ్ కోసం చేసే మైక్రోఫ్రాక్చర్ శస్త్రచికిత్స అవసరం కావచ్చని డ్రాఫ్ట్‌కు ముందు అతనే చెప్పాడు. ఆ భయం ఉత్తదేమీ కాదని గుర్లీ కథ కూడా చెబుతుంది. 2017లో లీగ్‌లోనే ఉత్తమ అఫెన్స్ ఆటగాడు, 2020 వసంతానికల్లా మోకాలి సమస్యలతో రామ్స్ వదిలేసింది.

స్మిత్ విషయంలో కౌబాయ్స్‌కు ఒక అనుకూలత ఉంది. అతనికి శస్త్రచికిత్స చేసింది ఆ జట్టు వైద్యుడు డాన్ కూపరే. మిగతా జట్లు ఎంఆర్‌ఐ చూసి అంచనా వేస్తుంటే, ఆ మోకాలిని స్వయంగా తెరిచి చూసిన మనిషి కౌబాయ్స్ దగ్గర ఉన్నాడు. 2016 అంతా స్మిత్ ఆడలేదు. 2017లో పాదాన్ని పట్టి ఉంచే బ్రేస్‌తో దిగాడు. 2019లో 6.4 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం, ఆ సీజన్‌లోనే లీగ్ మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్ ఎంపిక. 2021 అక్టోబర్‌లో జట్టు వదిలేసింది. దీన్ని విజయం అనాలా, అనకూడదా అని వాదించుకునేవాళ్లు ఉన్నారు. పాదం పైకి లేవని స్థితి నుంచి ప్రో బౌల్ దాకా వచ్చిన కుర్రాడిది విజయం కాకపోతే ఇంకేది అవుతుందని నా ప్రశ్న.

అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. సౌత్ కరోలినా రన్నింగ్ బ్యాక్ మార్కస్ లాటిమోర్ 2010లో మొదటి ఏడాదిలోనే 1,197 గజాలు పరుగెత్తాడు. అప్పటికే ఎన్‌ఎఫ్‌ఎల్ స్థాయి ఆటగాడని అందరూ అన్నారు. మూడేళ్ల నిబంధన ప్రకారం 2013 దాకా ఆగాలి. 2011 అక్టోబర్‌లో ఎడమ మోకాలు పోయింది. కోలుకుని వచ్చాడు. 2012 అక్టోబర్ 27న, 21వ పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, కుడి మోకాలు పూర్తిగా పక్కకు తిరిగిపోయింది. ఎదుటి జట్టు టెనెసీ ఆటగాళ్లు కూడా మైదానంలోకి వచ్చి అతని చుట్టూ నిలబడ్డారు. శాన్‌ఫ్రాన్సిస్కో నాలుగో రౌండ్‌లో, 131వ స్థానంలో తీసుకుంది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2014 నవంబర్‌లో ఆట వదిలేశాడు. ఈ నేపథ్యం మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది లాటిమోర్ కథే. అతని మోకాళ్లు రెండూ, అతను జీతం తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోని కాలంలోనే పోయాయి.

ఐపీఎల్‌తో పోల్చి చూస్తే ఈ తేడా మనకు బాగా తెలుస్తుంది. 2022 వేలంలో ఆ సీజన్ ఆడలేడని తెలిసి కూడా జోఫ్రా ఆర్చర్‌ను ముంబయి 8 కోట్లకు కొన్నది. గాయపడే నాటికే అతనికి జీతం ఇచ్చే బోర్డు ఉంది, ఒప్పందం ఉంది. అమెరికా కాలేజీ కుర్రాడికి మొన్నమొన్నటి దాకా అవేవీ లేవు.

అప్పట్లో ఉన్నది బీమా ఒక్కటే. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ 1990 నుంచి ప్రతిభావంతులకు వైకల్య బీమా పథకం నడిపింది. ఇక ఆడలేడని తేలితేనే దాని డబ్బు వస్తుంది. డ్రాఫ్ట్‌లో స్థానం పడిపోతే పరిహారం ఇచ్చే పాలసీలు తర్వాత వచ్చాయి. ప్రీమియం వేలల్లో ఉంటుంది, చాలాసార్లు కుర్రాడు రేపటి సంపాదన చూపించి అప్పు చేసి కట్టేవాడు. మెక్‌గేహీ 25 లక్షల డాలర్ల పాలసీ తీసుకున్నది 2003 నాటి ఆ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందే. ఒరెగాన్ కార్నర్‌బ్యాక్ ఇఫో ఎక్‌ప్రే-ఓలోము 2014 డిసెంబర్‌లో మోకాలు పోగొట్టుకుని 241వ స్థానానికి పడిపోయాడు, అతనికి 30 లక్షల డాలర్లు వచ్చాయి. స్మిత్‌కు సుమారు 9 లక్షల డాలర్లు వచ్చినట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. అతను పోగొట్టుకున్న దాంట్లో అది ఏ మూలకు? పైగా పాత గాయం దాచారంటూ కంపెనీ డబ్బు ఆపేస్తే కోర్టు మెట్లెక్కిన వాళ్లూ ఉన్నారు.

నష్టం లెక్క ఇంత సూటిగా మారడానికి లీగ్‌కు, ఆటగాళ్ల సంఘానికి మధ్య కుదిరిన 2011 కార్మిక ఒప్పందం ఒక కారణం. అంతకుముందు కొత్త ఆటగాడి ఏజెంట్ బేరమాడి ఎంతైనా రాబట్టవచ్చు. 2010లో మొదటి స్థానంలో ఎంపికైన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 5 కోట్ల డాలర్ల గ్యారంటీ దక్కింది. 2011 తర్వాత ఏ స్థానానికి ఎంత అన్నది దాదాపు ముందే తెలిసిపోతోంది. పది స్థానాలు జారితే ఎన్ని లక్షలు పోతాయో కుర్రాడు ఆసుపత్రి మంచం మీదే లెక్కపెట్టుకోవచ్చు.

స్మిత్ గాయం కాలేజీ ఆటగాళ్ల ఆలోచననే మార్చింది. 2016 డిసెంబర్‌లో ఎల్‌ఎస్‌యూ ఆటగాడు లెనార్డ్ ఫోర్నెట్, స్టాన్‌ఫర్డ్ ఆటగాడు క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ తమ జట్ల బౌల్ మ్యాచ్‌లు ఆడబోమని చెప్పేశారు. స్వార్థపరులని, జట్టును వదిలేశారని చాలా మాటలు పడ్డారు. అదే బౌల్ సీజన్‌లో, 2016 డిసెంబర్ 30న, మిషిగన్ టైట్ ఎండ్ జేక్ బట్ ఆరెంజ్ బౌల్ ఆడి ఏసీఎల్ తెంచుకున్నాడు. ఐదో రౌండ్‌కు పడిపోయాడు. ఫోర్నెట్ నాలుగో స్థానంలో, మెక్‌కాఫ్రీ ఎనిమిదో స్థానంలో పోయారు. ఆ తర్వాత బౌల్ మానుకోవడం మామూలైపోయింది. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. అప్పట్లో మ్యాచ్ ఆదాయంలో వాటా లేని కుర్రాడిని మాత్రం మోకాలు పణంగా పెట్టమనడం ఏ న్యాయం?

మ్యాచ్ మానేసినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. 2017 మార్చిలో వాషింగ్టన్ కార్నర్‌బ్యాక్ సిడ్నీ జోన్స్, 2022 మార్చిలో మిషిగన్ ఆటగాడు డేవిడ్ ఒజాబో, ఇద్దరికీ సొంత కాలేజీ ప్రో డేలోనే, ఆటగాళ్లను అంచనా వేసే జట్ల స్కౌట్ల ముందు కసరత్తు చేస్తుండగా మడమ వెనక అకిలీస్ తెగింది. ఇద్దరూ మొదటి రౌండ్‌లో ఉండాల్సినవాళ్లు. 43, 45 స్థానాలు దక్కాయి.

2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025లో వచ్చిన కోర్టు ఒప్పందంతో కాలేజీలే నేరుగా ఆదాయంలో వాటా ఇస్తున్నాయి, తొలి ఏడాది ఒక్కో కాలేజీకి సుమారు 2.05 కోట్ల డాలర్ల పరిమితితో. ఇకపై లాటిమోర్ లాంటి కుర్రాడు రెండో ఏట గాయపడినా ఖాళీ చేతులతో మిగలడు. దీనికి ఇంతకాలం పట్టడమే దారుణం. లీగ్ వైపు మాత్రం పాత నిబంధన ఒకటి ఇంకా నిలిచి ఉంది. లీగ్‌లోకి రాకముందు తగిలిన గాయంతో వచ్చిన ఆటగాణ్ని జట్టు 'నాన్ ఫుట్‌బాల్ ఇంజరీ' జాబితాలో పెట్టవచ్చు. ఒప్పందంలో వేరే షరతు లేకపోతే ఆ కాలానికి జీతం చెల్లించాల్సిన పని జట్టుకు ఉండదు. కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో, అదే జట్టు స్కౌట్లు చూస్తుండగా తెగిన మోకాలు కూడా ఈ జాబితా కిందికే వస్తుంది.