గోల్ఫ్ ట్రిప్‌కు ఒకరే డబ్బు కట్టేస్తే సరిపోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విదేశాల్లో గోల్ఫ్ ఆడొద్దామని బెజవాడలో మా ట్రావెల్స్ ఆఫీసుకు వచ్చే ప్రతి బృందంలోనూ ఒక పెద్దమనిషి ఉంటారు. "మావాళ్ల సంగతి నాకొదిలేయండి, మొత్తం నేనే కట్టేస్తా, తిరిగొచ్చాక లెక్క చూసుకుంటాం" అంటారు. మనసు మంచిదే. కానీ స్నేహాలు చెడేది సరిగ్గా ఇక్కడే. అందుకే ముందు దీని గురించే చెబుతాను.

అపోహ: ఎనిమిది మందిలో ఒకరు మానేస్తే ఆయన వాటా ఒక్కటే పోతుంది, మిగతావాళ్లకు తేడా ఉండదు.

వాస్తవం: మనిషి తగ్గితే ఖర్చు తగ్గదు. థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో మిమ్మల్ని తిప్పే వ్యాన్ అద్దె ఎనిమిది మందికీ అంతే, ఏడుగురికీ అంతే. గదులు ఇద్దరికొకటి చొప్పున తీసుకుంటాం. జోడీ విడిపోతే మిగిలినాయన గది మొత్తానికి కట్టుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ సీజన్ కాబట్టి టీ టైమ్‌లకు, అంటే కోర్సులో (గోల్ఫ్ మైదానంలో) ఆట మొదలుపెట్టే వేళలకు, గ్రీన్ ఫీజు (ఆడేందుకు రుసుము) ముందే కట్టించుకుంటారు. చివరి రోజుల్లో రద్దు చేస్తే చాలా కోర్సులు వెనక్కివ్వవు. "ఆయన బదులు మా బావమరిది వస్తాడు, టికెట్‌లో పేరు మార్చండి" అంటారు. చాలా ఎయిర్‌లైన్లలో అది కుదరదు, కొత్త టికెట్ కొనాల్సిందే.

గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒకాయన బృందం మొత్తానికీ తనే కట్టారు. బయల్దేరే ముందు వాళ్లలో ఒకరి అమ్మాయికి సంబంధం కుదిరి, నిశ్చితార్థం అదే వారంలో పడింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. "నేను రానే లేదు కదా, నేనెందుకివ్వాలి" అని ఆగిపోయిన ఆ తండ్రి, "ఆ భారం మామీద ఎందుకు" అని మిగతావాళ్లు. తిరిగొచ్చాక ఈ వ్యాపారి నా టేబుల్ మీద ఒక పాత తక్‌పట్టీ (యార్డులో ఇచ్చే సరుకు లెక్క చీటీ) తిరగేసి పెట్టారు. వెనక వైపు బాల్‌పెన్నుతో వరసగా పేర్లు, పక్కన అంకెలు, ఇచ్చినవాళ్లకు టిక్కులు. ఆ ఒక్క పేరు పక్కన అంకె కూడా వేయలేదు. "ఎంతని వేయమంటారండీ? చిన్నప్పటి స్నేహం" అన్నారు. నాకు మాట రాలేదు.

కాబట్టి ఎవరి డబ్బు వాళ్లే నేరుగా కట్టండి. ఫలానా తేదీ తర్వాత మానుకుంటే ఎవరి వాటా నష్టం వాళ్లదే అని అడ్వాన్సు కట్టకముందే వాట్సాప్ గ్రూపులో రాసుకోండి, అందరి చేతా 'సరే' అనిపించండి. మొహమాటం అనిపిస్తుంది, తెలుసు. తర్వాత పడే బాధతో పోలిస్తే ఈ మొహమాటం ఎంత? ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోకండి. జబ్బు, ఇంట్లో మరణం లాంటి పాలసీలో రాసిన కారణాలకే ఆ డబ్బు వస్తుంది. నిశ్చితార్థానికి రాదు.

పన్ను దగ్గరా ఇదే కథ. ఫారిన్ టూర్ ప్యాకేజీ మీద మేం టీసీఎస్ (అమ్మేవాళ్లు కొనేవాళ్ల దగ్గర ముందే తీసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) వసూలు చేయాలి. 2023 అక్టోబరు నుంచి ఏడాదికి 7 లక్షల వరకు 5 శాతం, అది దాటిన సొమ్ము మీద 20 శాతం ఉండేది. 2025 ఏప్రిల్లో ఆ హద్దు 10 లక్షలైంది. అందరి డబ్బూ తన పాన్ మీద కట్టినవాళ్లు హద్దు దాటి 20 శాతంలో పడ్డారు. ఎవరికి వారు కట్టుకుంటే 5 శాతంతో పోయేది. 2026 బడ్జెట్ ఈ హద్దు తీసేసి 2 శాతం చేసింది. రేటు ఎంతైనా, ఆ టీసీఎస్ ఎవరి పాన్ మీద పడితే వాళ్ల 26ఏఎస్‌లోనే (పన్ను శాఖ చూపే పన్ను జమల పట్టికలోనే) కనిపిస్తుంది, వాళ్ల రిటర్న్‌లోనే సర్దుబాటవుతుంది. మిగతా ఏడుగురికి రూపాయి రాదు. "టీసీఎస్ అంటే పోయిన డబ్బే" అని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం శుద్ధ అబద్ధం. రిటర్న్ వేస్తే మీ పన్నులో తగ్గుతుంది, ఎక్కువైతే రీఫండ్ వస్తుంది.

అపోహ: హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ (ఆటలో మీ స్థాయి ఎంతో చెప్పే కాగితం) లేకపోతే కోర్సులో అడుగు పెట్టనివ్వరు.

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో అడుగుతారు, నిజమే. అక్కడ మామూలుగా ఆదివారం ఆటే ఉండదు, అదీ గుర్తుంచుకోండి. థాయ్‌లాండ్ రిసార్టు కోర్సుల్లో సాధారణంగా అడగరు. ఆట ఈమధ్యే మొదలుపెట్టి, అందరి ముందూ పరువు పోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లు నాకు ఫోన్ చేస్తుంటారు. మొదటి రోజు తేలిక కోర్సు పెట్టమని అడగండి చాలు. క్యాడీలు (కోర్సులో మీ కిట్టు చూసుకునే సహాయకులు) రోజూ మీలాంటివాళ్లతోనే నడుస్తారు.

అపోహ: ప్యాకేజీలో అన్నీ ఉంటాయి.

థాయ్‌లాండ్‌లో దాదాపు ప్రతి కోర్సులోనూ క్యాడీ తప్పనిసరి. ఫీజు ప్యాకేజీలో ఉన్నా టిప్పు విడిగా ఇవ్వాలి. రౌండుకు 300 నుంచి 400 బాత్ నగదు జేబులో ఉంచుకోండి.

అపోహ: గోల్ఫ్ కిట్టుకు లగేజీ ఛార్జీ ఉండదు.

ఎయిర్‌లైన్‌ను బట్టి ఉంటుంది. టికెట్ కొనకముందే అడగండి. ఒక్క బ్యాగు 32 కిలోలు దాటితే తీసుకోరు. రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) విడి బ్యాటరీలు చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి.

అపోహ: థాయ్‌లాండ్‌కు వీసా అక్కర్లేదు, ఇంక ఏ కాగితమూ అక్కర్లేదు.

వీసా రూల్సు మారుతుంటాయి, టికెట్ కొనే రోజు ఎంబసీ సైటు చూడండి. 2025 మే 1 నుంచి ప్రతి ఒక్కరూ డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, దిగే ముందు మూడు రోజుల లోపే. అది పూర్తిగా ఉచితం. ఆ ఫారానికి డబ్బడిగే సైటు ప్రభుత్వానిది కాదు, వెంటనే మూసేయండి. నింపడం రాకపోతే పాస్‌పోర్టు పట్టుకుని మా ఆఫీసుకు రండి, పది నిమిషాల పని.