సగటు జీతం ఎవరిది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న శనివారం భోజనాల దగ్గర మీరిద్దరూ ఫోన్‌లో ఒక వార్త చూసి వాదులాడుకున్నారు. బెంగళూరులో సగటు జీతం బాగా పెరిగిందని అందులో రాశారు. "అమ్మ జీతం సగటు కన్నా ఎక్కువే, ఇంకేం!" అని పెద్దది అంది. చిన్నవాడు నా వైపు తిరిగి, "తాతయ్యా, నీ మొదటి జీతం ఆరు వందలేనా? ఎలా బతికారు?" అని అడిగాడు. అమ్మమ్మ సాంబారు చల్లారిపోతోందని కేకేయడంతో ఆ మాట అక్కడే ఆగిపోయింది. 36 ఏళ్ళు జీతాల సెక్షన్‌లో కూర్చున్నవాణ్ణి, మీకు జవాబు చెప్పకుండా ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు. అందుకే ఈ ఉత్తరం.

నేను 1980లో హిందూపురం నుంచి రైలెక్కి బెంగళూరు వచ్చి మత్తికెరెలో మా మేనమామ ఇంట్లో దిగాను. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో మంచి జీతం అంటే పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీ జీతమే. హెచ్‌ఏఎల్, ఐటీఐ, హెచ్‌ఎంటీ, బీఈఎల్, బీఈఎంఎల్. పిల్లనిచ్చేవాళ్ళు కూడా మొదట ఆ పేర్లే అడిగేవాళ్ళు. నేను వచ్చిన ఏడాదే డిసెంబరులో ఆ ఐదింటి కార్మికులూ సమ్మెకు దిగారు. భెల్ అనే మరో ప్రభుత్వ కంపెనీ ఉద్యోగులకు ఇచ్చినట్టే మాకూ ఇవ్వాలన్నది వాళ్ళ కోరిక. 1981 మార్చి దాకా, 77 రోజులు సాగింది. మా వీధిలో సగం ఇళ్ళలో జీతం రాలేదు. మేనత్త శెట్టి అంగడిలో ఖాతా పెట్టి బియ్యం తెచ్చేది. ఒక కంపెనీ జీతాలను ఇంకో కంపెనీ జీతాలతో పోల్చి చూసుకోవడం ఎంత పెద్ద విషయమో నాకు మొదటిసారి అప్పుడే తెలిసింది.

1982లో నాకు ఇక్కడి పారిశ్రామిక వాడ పీణ్యలో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో క్లర్కు ఉద్యోగం దొరికింది. చేతికొచ్చేది 600 రూపాయలు. ఇప్పుడు నాకు తెలిసిన ఒక చిన్న కంపెనీలో అదే పనికి 17 వేలు ఇస్తున్నారు. 28 రెట్లు పెరిగిందని మీరు వెంటనే లెక్క కడతారు. ఆ లెక్క తప్పు కాదు, కానీ సగమే.

మనం తినేవి, కట్టేవి, ఇంటద్దె, బస్సు ఛార్జీలు అన్నీ కలిపి ధరలు ఎంత మారాయో చెప్పే అంకె ఒకటి ఉంది. దాన్ని వినియోగదారుల ధరల సూచీ అంటారు. ఫ్యాక్టరీ కార్మికుల కోసం సిమ్లాలోని లేబర్ బ్యూరో ప్రతి నెలా ఆ సూచీ ఇస్తుంది. ఇప్పుడు దేశంలో 88 కేంద్రాల నుంచి ధరలు సేకరిస్తున్నారు, వాటిలో బెంగళూరు కూడా ఉంది. మా డీఏ, అంటే కరువు భత్యం, దాన్ని బట్టే మారేది కాబట్టి, ఆ అంకె ఎప్పుడొస్తుందా అని సెక్షన్ అంతా ఎదురుచూసేవాళ్ళం. 1982ని 100 అనుకుని ఒక వరుస మొదలుపెట్టారు. తర్వాత 2001ని 100 చేశారు, ఆ తర్వాత 2016ని. పాత వరుసను కొత్త వరుసతో కలపడానికి రెండు గుణకాలు ఇచ్చారు: 4.63, 2.88. నా 600ని ఆ రెండింటితో గుణించండి. 8,000 వస్తుంది. అంటే 1982లో 600తో ఏమేం కొనగలిగేవాణ్ణో, 2016లో అవన్నీ కొనడానికి 8,000 కావాలి. 2024లో సూచీ 140 దాటింది. కాబట్టి 2024లో దాదాపు 11,200 కావాలి.

ఇప్పుడు 17 వేలను 11,200తో పోల్చండి. 28 రెట్లు కాస్తా ఒకటిన్నర రెట్లయింది. 42 ఏళ్ళలో ఒక క్లర్కు బతుకు అంత మాత్రమే మెరుగుపడింది. అదీ తక్కువేమీ కాదు, ఆ అరరెట్టులోనే ఒక పిల్ల చదువు పడుతుంది. కానీ 28 రెట్లు కాదు.

చిన్నవాడి ప్రశ్నకు జవాబు కూడా అదే. అప్పుడు బియ్యం కిలో మూడు రూపాయల చిల్లర. 600లో 150 గది అద్దెకు పోయేది, 100 ఊరికి మనియార్డరు. మిగిలినదాంతో గడిచిపోయేది. అయితే సూచీ దేశమంతటి సగటు కదా, మన వీధి సంగతి దానికి తెలియదు. నేను 150 కట్టిన ఆ గది సందులోనే ఇప్పుడు ఒక గదికి 8,000 అడుగుతున్నారు. బియ్యం ఇరవై రెట్లు పెరిగితే గది యాభై రెట్లు పెరిగింది. సొంత ఇల్లు ఉన్నవాడికీ అద్దెకుండేవాడికీ ఒకే జీతం వచ్చినా, ఈ ఊళ్ళో అది ఒకే జీతం కాదు.

ఇక సగటు సంగతి. మీ అపార్ట్‌మెంట్‌లో రోజూ కనబడే తొమ్మిది మందిని తీసుకుందాం. అంకెలు ఊరికే అనుకుంటున్నాను. ఇళ్ళలో వంట చేసే ఆవిడకు 13 వేలు, వాచ్‌మన్‌కి 14, గార్మెంట్స్‌లో కుట్టే అమ్మాయికి 16, సూపర్ మార్కెట్ కుర్రాడికి 18, డెలివరీ అబ్బాయికి 20, డ్రైవర్‌కి 24, స్కూల్ టీచర్‌కి 30, బ్యాంకు ఉద్యోగికి 45, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌కి 2 లక్షల 70 వేలు. మొత్తం నాలుగున్నర లక్షలు. తొమ్మిదితో భాగిస్తే సగటు 50 వేలు. ఆ తొమ్మిది మందిలో 50 వేలు తీసుకునేవాడు ఒక్కడూ లేడు. ఎనిమిది మంది దానికంటే కింద ఉన్నారు, ఒక్కడు చాలా పైన ఉన్నాడు. అదే వరుసలో సరిగ్గా మధ్యలో నిలబడ్డది డెలివరీ అబ్బాయి, 20 వేలతో. మీ లెక్కల పుస్తకంలో మీడియన్ అంటారే, తెలుగు మీడియం పిల్లలు మధ్యగతం అంటారే, అది అతనిదే. ఇంకో ఏడాదికి మేనేజర్‌కి 45 వేలు పెరిగి మిగతా ఎనిమిది మందికీ ఒక్క రూపాయి కూడా పెరగకపోతే సగటు 55 వేలవుతుంది. పేపర్లో పది శాతం పెరిగిందని వస్తుంది. మధ్యగతం 20 దగ్గరే ఉంటుంది. మన ఊరిలాంటి చోట, పెద్ద జీతాలూ చిన్న జీతాలూ ఒకే లిఫ్టులో ఎక్కే చోట, సగటు ఒక్కటే చూస్తే ఎవరి కథా తెలియదు.

ఇంకొకటి చెప్పాలి. ఇది నేను కళ్ళతో చూసింది, చేతులతో టైప్ చేసింది.

2002 నాటికి మా ఫ్యాక్టరీ మస్టర్ రోల్‌లో, అంటే ఉద్యోగుల హాజరు పట్టీలో, 200 మంది ఉండేవాళ్ళం. ఊడ్చేవాళ్ళు, క్యాంటీన్ వాళ్ళు, లోడింగ్ వాళ్ళు కలిపి 40 మంది. వాళ్ళకు తలా 4,000. మిగతా 160 మందికి సగటున 9,000. మొత్తం కలిపి సగటు 8,000 వచ్చేది. ఆ ఏడాది మార్చి ఆఖరుకి ఆ 40 మందినీ రోల్స్‌లోంచి తీసేసి కాంట్రాక్టరు కింద పెట్టారు. అదే గేటు, అదే చీపురు, అదే క్యాంటీన్ పొయ్యి. జీతం మాత్రం 2,800. ఏప్రిల్ పట్టిక నేనే తయారు చేశాను. రోల్స్‌లో 160 మంది, సగటు 9,000. ఏ ఒక్కరికీ పైసా ఇన్‌క్రిమెంట్ రాలేదు, కానీ కాగితం మీద సగటు జీతం పన్నెండున్నర శాతం పెరిగింది. పైవాళ్ళు ఆ పట్టిక చూసి బాగుందన్నారు. అంకెల్లో తప్పేమీ లేదు, నేను రెండుసార్లు సరిచూశాను. సాయంత్రం గేటు దగ్గర, పదిహేనేళ్ళుగా మా సెక్షన్ ఊడ్చిన ఆవిడ, "సారూ, ఈ నెల నా స్లిప్పు రాలేదేం?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అందుకే సగటు పెరిగిందని ఎవరన్నా చెబితే నేను మొదట అడిగేది ఒకటే: ఆ లెక్కలో ఎవరెవరున్నారు, పోయినసారి ఉన్నవాళ్ళలో ఈసారి ఎవరు లేరు? ఇది మా ఒక్క ఫ్యాక్టరీ సంగతి కాదు. దేశం మొత్తం మీద రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికుల్లో ఇప్పుడు వందకు నలభై మంది దాకా కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవాళ్ళే. ఈ విషయం చెప్పేది ప్రభుత్వం ఏటేటా చేసే పరిశ్రమల సర్వే. ఆ సర్వే కూడా కరెంటు వాడే చోట పదిమంది, లేనిచోట ఇరవై మంది పనివాళ్ళుంటేనే లెక్కలోకి తీసుకుంటూ వచ్చింది. పీణ్యలో లేత్ మిషన్లు పెట్టుకుని ఐదారుగురితో నడిచే షెడ్లు సందుసందుకీ ఉన్నాయి. వాళ్ళ జీతాలు అందులో ఉండవు. ఇళ్ళకు వెళ్ళి అడిగే సర్వే వేరే ఉంది, 2017లో మొదలైంది. అందులో జీతగాళ్ళనీ, రోజుకూలీలనీ, సొంత పని చేసుకునేవాళ్ళనీ విడివిడిగా చూపిస్తారు. నాకు అదే నచ్చుతుంది. ఇక పేపర్లో వచ్చే తలసరి ఆదాయం జీతం కానే కాదు. ఆ లెక్కలో మొత్తం ఆదాయాన్ని చంటిపిల్లలతో సహా అందరి సంఖ్యతో భాగిస్తారు.

ఇప్పుడు మీ అమ్మ సంగతికి వస్తాను. 2006లో ఇంజనీరింగ్ అవగానే ఐటీలో చేరింది, ఏడాదికి మూడు లక్షల ప్యాకేజీ. ఆ రోజు అమ్మమ్మ దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టింది. నాకు ఇరవై నాలుగేళ్ళ సర్వీసు తర్వాత వచ్చే జీతం కన్నా అది ఎక్కువ. మన పక్కింటి అబ్బాయి 2022లో అలాంటి ఉద్యోగంలోనే చేరాడు. అతనికి ఎంతిచ్చారో తెలుసా? ఏడాదికి మూడు లక్షల అరవై వేలు. ఈ పదహారేళ్ళలో ధరలు దాదాపు మూడింతలయ్యాయి. అమ్మ మూడు లక్షలకు సాటి రావాలంటే అతనికి తొమ్మిది లక్షలు ఇవ్వాలి. అయినా ఐటీలో సగటు జీతం పెరుగుతూనే ఉంది, ఎందుకంటే అమ్మలాంటి వాళ్ళకు అనుభవం పెరిగింది, పై మెట్లకు వెళ్ళారు. పైమెట్టు ఎత్తు పెరిగింది, మొదటిమెట్టు దిగిపోయింది. సగటు ఆ రెండింటినీ కలిపేసి చూపిస్తుంది. రేపు మెట్లెక్కబోయేది మీరే, అందుకే నాకు ఇది ఇంత బాధ.

ప్రభుత్వ పర్మనెంట్ ఉద్యోగాల్లో మాత్రం ఇలా జరగలేదు. కేంద్ర ప్రభుత్వంలో అందరికన్నా కింది ఉద్యోగికి 1986లో కనీస మూలవేతనం 750. 2016లో 18,000. 24 రెట్లు. ఆ ముప్పై ఏళ్ళలో ధరలు పెరిగింది పది రెట్లు. అడిగే యూనియన్, పే కమిషన్, ధరలతోపాటు కదిలే డీఏ ఉన్నచోట కింది మెట్టు కూడా లేచింది.

ప్యాకేజీ అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. పక్కింటి అబ్బాయి మూడు లక్షల అరవై వేలను 12తో భాగించి నెలకు 30 వేలు అనుకున్నాడు. కంపెనీ కట్టే పీఎఫ్ (భవిష్య నిధి), గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, వస్తే వచ్చే వేరియబుల్ పే అన్నీ అందులోనే కలిపి రాస్తారు. కటింగులు పోను చేతికి 25 వేలు కూడా రాలేదు. మా కాలంలో జీతం అంటే బేసిక్, డీఏ. పీఎఫ్‌కి కంపెనీ వేసేది జీతంలో కలిపి చెప్పేవాళ్ళు కాదు. కాబట్టి పాత జీతాన్ని కొత్త ప్యాకేజీతో పోలిస్తే పోలికే తప్పు.

పీఎఫ్ చిన్న సంగతి కాదు. ఉద్యోగం మానేసినా పీఎఫ్ మొత్తం తీసుకోవడానికి వీల్లేదని కొత్త నిబంధన వస్తే, 2016 ఏప్రిల్‌లో ఈ ఊరి గార్మెంట్స్ ఆడవాళ్ళు వేలమంది రోడ్ల మీదికి వచ్చారు. ప్రభుత్వం ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. నెలనెలా వచ్చేది తిండికీ అద్దెకీ సరిపోతుంది. పిల్ల పెళ్ళికో, ఊళ్ళో ఇంటి కప్పుకో వాళ్ళకున్నది ఆ డబ్బే.

వచ్చే ఆదివారం వస్తారు కదా, ఇనపపెట్టె దించి పెడతాను. 1982 నుంచి 2018 దాకా నా స్లిప్పులున్నాయి, రెండేళ్ళవి చెదలు తినేశాయి. గళ్ళ కాగితం తెచ్చుకోండి. ప్రతి ఏడాది జీతాన్నీ ఆ ఏటి సూచీతో భాగించి చుక్కలు పెట్టి కలుపుదాం. నాది నీలం రంగు, అమ్మది ఆకుపచ్చ. ఆ 40 మంది జీతాలు కూడా నా పాత నోట్‌బుక్‌లో ఏటేటా రాసి పెట్టుకున్నాను, వాళ్ళకు ఎర్ర పెన్సిల్. ఆ ఎర్ర గీత 2002 మార్చి దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి కాగితం చివరిదాకా ఆ గళ్ళు ఖాళీగానే ఉంచుదాం.

మీ తాతయ్య
మత్తికెరె, బెంగళూరు